బల్ల దాటిన పాచిక

"మంచి పాచిక ఎక్కడుంది?"

లోర్నా పికెట్ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. ఒచోవా మూడోసారి కూడా మాట మార్చలేదు.

"నాకు తెలీదన్నానా? నా చేతికొచ్చింది ఒక్కటే పాచిక. చూశాను, బల్ల మీద పెట్టాను. అంతే." అతను తలెత్తకుండా తెల్ల చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కాడు. వంటింట్లోంచి అతని భార్య గిన్నెలు విసిరేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడంతా ఎవరి కోసమో లోర్నాకి అర్థమవుతూనే ఉంది.

"కాఫీ ఇవ్వలేదనుకోకండి," అన్నాడు ఒచోవా. "నా కొంప ముంచినవాళ్లకి కాఫీ పోసే అలవాటు మా ఇంట్లో లేదు."

ఇరవై ఏళ్లుగా రీనోలోని కాపర్ హెరాన్ క్యాసినోలో క్రాప్స్ అనే పాచికలాట బల్ల మధ్యలో కూర్చుని, పందేల మీదా పాచికల మీదా కన్నేసి ఉంచడమే అతని ఉద్యోగం. ఆ కుర్చీలో కూర్చునేవాణ్ణి బాక్స్‌మన్ అంటారు. శనివారం సాయంత్రం ఆట మంచి ఊపులో ఉండగా ఒక పాచిక ఎగిరి, బల్ల దాటి కింద పడింది. తిరిగి బల్ల ఎక్కింది మాత్రం అది కాదు, లోపల బరువు కూరిన దాని కవల. ఆ తర్వాత బూడిదరంగు టోపీవాడు ఒకడు ఓటమి అన్నది లేకుండా విసిరి విసిరి, క్యాసినోని ఊడ్చుకుని వెళ్లిపోయాడు. పాచిక మారింది ఒచోవా చేతిలోనే అని రిపోర్టు రాసింది, క్యాసినో పిలిపించిన డిటెక్టివ్ లోర్నా. రాష్ట్ర జూద తనిఖీ అధికారి క్రెన్‌షా ఆ రిపోర్టు పట్టుకుని ఒచోవాని అరెస్టు చేశాడు. బెయిల్ మీద వచ్చిన మనిషి ఈరోజు మధ్యాహ్నం జడ్జి ముందు నిలబడాలి. అక్కడ నేరం తేలిందంటే లైసెన్సు జన్మలో మళ్లీ రాదు, ఆ పైన జైలు.

కేసులో ఒకే ఒక్క చిల్లు మిగిలింది. బల్ల మీంచి పోయిన మంచి పాచిక దొరకలేదు. దాన్ని పూడ్చుకుందామనే లోర్నా వచ్చింది.

"నేను కెమెరా టేపు చూశాను," అంది. "కింద పడ్డ పాచికని, మీ క్యాసినోలో ఆట పాఠాలు చెప్పే ఆమోస్ హార్టిగన్ తీశాడు. పాపం, మోకాళ్ల నొప్పులతో వంగి మరీ తీసి, పాచికల్ని ఆటగాళ్ల వైపు నెట్టే కర్ర పట్టుకున్న డీలర్‌కి ఇవ్వబోయాడు. మీరు కుర్చీలోంచి ముందుకి వంగి మధ్యలో లాక్కున్నారు. ఎందుకు?"

ఒచోవా ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమెని ఎగాదిగా చూశాడు. "ఎందుకేంటమ్మా? లాక్కోకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

"దాన్ని చూడాల్సింది కర్ర పట్టుకున్న డీలర్ కదా. మీకేం పని?"

 వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"మీకీ ఆట ఎవరు నేర్పారు?" అన్నాడు ఒచోవా నెమ్మదిగా.

"తెలిసినవాళ్లే నేర్పారు."

"తెలిసినవాళ్లు కాదు, మీతో ఆడుకున్నవాళ్లు. బల్ల దాటిన పాచిక ముందు బాక్స్‌మన్ చేతికి రావాలి. దాని మీద చెక్కిన క్యాసినో నంబరు చూడాలి, మూలలు చూడాలి, ఆ తర్వాతే డీలర్ కర్ర కిందకి వెళ్లాలి. నిన్నగాక మొన్న చేరిన డీలర్‌ని అడగండి, నిద్రలో కూడా చెప్తాడు." అతను ఇస్త్రీపెట్టె తీగ పీకేశాడు. "నన్ను దొంగని చేసింది దీని మీదేనా? నేను నా పని చేసినందుకా?"

 లోర్నా తప్పుకోవడానికి మంచి పాచిక సంగతే మళ్లీ ఎత్తింది.

"అది ఎక్కడున్నా ఇట్టే గుర్తుపట్టొచ్చు," అన్నాడు ఒచోవా. "దాని ఒంటికి బెజ్జం ఉండదు. షిఫ్టు అయ్యాక దిగిపోయిన పాచికలన్నిటికీ సన్నగా బెజ్జం వేస్తారు. తర్వాత దుకాణంలో అమ్ముకున్నా, ఆట నేర్పడానికి వాడుకున్నా ఫరవాలేదు. బెజ్జం లేని పాచిక బయట ఎవడి జేబులో కనపడితే వాడే దొంగ."

లోర్నా కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఆదివారం నుంచీ ఆ చేతికి అదే అలవాటైంది. జేబులో ఒక పాచిక ఉంది. బొటనవేలితో దాని ముఖాలన్నీ ఒక్కొక్కటే తడిమింది. అన్నీ నున్నగా ఉన్నాయి.

"బెజ్జాలు వేసేదెవరు?" అని అడిగింది.

"ఇంకెవరు? మా పెద్దాయనే. ఆమోస్. పొద్దున పాఠాలకి పాత పాచికలు కావాలిగా, అన్నీ ఆయన దగ్గరికే పోతాయి."

లోర్నా తండ్రి, ఆమోస్ ఒకప్పుడు ఒకే బల్ల దగ్గర పనిచేశారు. తండ్రి పోయాక ఆమె స్కూలు ఫీజు కట్టిందీ, మొదటి ఉద్యోగానికి సూటు కుట్టించిందీ ఆమోసే. కాపర్ హెరాన్‌లో ఏదో తేడాగా ఉంది, డిటెక్టివ్ కావాలి అని యజమాని అనుకున్నప్పుడు "మా లోర్నాని పిలవండి" అన్నదీ ఆయనే. తండ్రి బతికుండగా కూతుర్ని ఆ బల్ల ఛాయలకి రానివ్వలేదు గనక ఆమెకి పాచికల గురించి ఓనమాలు తెలియవు. అందుకని వారంరోజులు పొద్దున్నే ఆమోస్ పాఠాలకి వెళ్లింది. డబ్బు లేని ఆట, ఉత్తుత్తి చిప్స్, పక్కన ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకునే చెవిటి ముసలావిడ మిసెస్ టూమీ, చల్లారిన కాఫీ. మొదటి విసురులో రెండు పాచికలూ కలిపి ఏడో పదకొండో పడితే గెలుపు. రెండు, మూడు, పన్నెండు పడితే ఓటమి. ఇంకేది పడినా అది గురి. ఏడు పడే లోపల ఆ అంకె మళ్లీ పడాలి. రెండు పాచికలూ ఒంటిచేత్తో విసరాలి, అవతలి గోడకి తగలాలి. డబ్బు డీలర్ చేతికి ఇవ్వకూడదు, బల్ల మీద పెట్టాలి. ఏడు అన్న మాట బల్ల దగ్గర నోట రాకూడదు.

"విసిరేవాడు గెలవాలని పాస్ లైన్ మీద పందెం పెట్టేవాళ్లంతా ఒక జట్టు పిల్లా," అని చెప్పాడు ఒకరోజు. "డోంట్ పాస్ మీద పెట్టేవాడు, పాచికలు విసిరేవాడు ఓడిపోవాలని కాస్తాడు. అది నేరం కాదు. కాకపోతే గెలిచినప్పుడు సంతోషం మొహంలో కనపడనివ్వకూడదు. అది మర్యాద."

ఇప్పుడు జేబులో ఉన్న పాచికని ఆదివారం ఆమె అరచేతిలో పెట్టింది ఆమోసే. "చదువు పూర్తయింది. నువ్వు మొట్టమొదట విసిరింది దీన్నే. మీ నాన్న ఉంటే మురిసిపోయేవాడు. జేబులోంచి తియ్యకు, కలిసొస్తుంది." లోర్నాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడా కన్నీళ్లు తలుచుకుంటే ఒళ్లు మండింది.

*

క్యాసినోలో, శనివారం ఆట జరిగిన బల్లకి నల్లగుడ్డ కప్పి ఉంది. దాని అంచు మీద మోచేతులు ఆనించి క్రెన్‌షా యాపిల్ కొరుకుతున్నాడు.

"రండి మేడమ్. పాచిక దొరికిందా, లేక అది కూడా అనుమానం లేకుండా రాసేస్తారా?"

"గుడ్డ తియ్యండి."

"ప్లీజ్ అనే మాట మీ స్కూల్లో చెప్పలేదా?"

లోర్నా తనే గుడ్డ లాగేసింది. టేపులో ఆమోస్ నిలబడ్డ చోట నిలబడి, వంగి, లేచి, చెయ్యి చాపింది. ఒచోవా కుర్చీ చేతికందేంత దగ్గర్లో ఉంది. కర్ర డీలర్ నిలబడేది బల్లకి అటువైపు. అతనికి అందించాలంటే, దగ్గరున్న మనిషిని వదిలేసి, ఒచోవా మొహం ముందు నుంచే చెయ్యి అడ్డంగా సాచాల్సి వచ్చింది.

నలభై ఏళ్లు ఈ బల్లల దగ్గర బతికిన మనిషికి పాచిక ఎవరికివ్వాలో తెలియదా? ఒచోవా వంగి లాక్కోవాలి, పైనున్న కెమెరాలో అది లాక్కున్నట్టే పడాలి, అందుకే ఆమోస్, కిందకి వంగినప్పుడే పాచిక మార్చేసి, చెయ్యి అటు సాచాడు. ఆ బొమ్మ చూసే కళ్లకి మాత్రం ముందే వారంరోజులు గంతలు కట్టి ఉంచాడు.

"క్రెన్‌షా, పాచిక తాకింది ఇద్దరే. ఆమోస్, ఒచోవా. మీరు ఒచోవానే ఎందుకు పట్టుకున్నారు?"

"భలేవారే! మీరు రాశారు గనక. 'అనుమానానికి తావులేదు' అని సంతకం పెట్టారు గనక. ఆ ముసలాయన్ని చిన్నప్పట్నుంచీ ఎరిగిన మనిషి, లోపలి సంగతేదో తెలిసే రాసి ఉంటుందనుకున్నా."

"బాక్స్‌మన్ పాచిక ముట్టుకోకూడదనుకున్నాను. కర్ర డీలర్ చూసుకుంటే చాలనుకున్నాను."

క్రెన్‌షా నమలడం ఆపేశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "ఆ ముక్క రిపోర్టులో రాసుంటే ఆరోజే చింపి చెత్తబుట్టలో వేసేవాణ్ణి! ఎవరు చెప్పారీ గొప్ప విషయం?"

"ఆమోస్."

నవ్వు ఆగిపోయింది. "చూడండి మేడమ్. తప్పు చేశారు, ఒప్పుకోండి. అంతేగానీ ఆ పెద్దమనిషి మీదకి నెట్టకండి. ఈ ఊళ్లో సగంమంది డీలర్లు ఆయన శిష్యులే. ఆయన అలా నేర్పడు. సరిగ్గా వినకపోవడం మీ తప్పు." 

ఆమె మాట్లాడే లోపల అతని ఫోన్ మోగింది. వింటున్నంతసేపూ అతని చూపు ఆమె కోటు మీదే ఉంది. "ఇక్కడే ఉండండి," అని మాత్రం అని అతను ఆఫీసు వైపు నడిచాడు.

ఒచోవాని కలవడానికి వెళ్తున్నానని పొద్దున ఆమె చెప్పింది ఒక్క ఆమోస్‌కే. తన జేబులో పాచిక ఉందని తెలిసిందీ ఆయనకే. ఫోన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో లోర్నా వేరే ఊహించుకోనక్కర్లేదు.

*

పాఠాల బల్ల హాలు చివర్న ఉంది. లోర్నా స్తంభం వెనకాల ఆగింది. మిసెస్ టూమీతో పాటు ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్లు చేరారు. ఒక లావుపాటి కుర్రాడు అత్యుత్సాహంతో విసిరిన పాచిక బల్ల దాటి తివాచీ మీద దొర్లింది. అతను తీయడానికి వంగాడు.

"ఆగు బాబూ!" అన్నాడు ఆమోస్, కర్ర ఊపుతూ. "తీస్తే తీశావు గానీ నాకు ఇవ్వకు. బల్ల దాటిన పాచిక ముందు ఎవరి చేతికి రావాలి? బాక్స్‌మన్ చేతికి. ఆయన చూశాకే నా దగ్గరికి. ఇది ప్రాణం పోయినా మర్చిపోకు."

అదే గొంతు, అదే వాత్సల్యం. దారినపోయే కుర్రాడికి కూడా సరిగ్గా నేర్పుతున్నాడు. తనకొక్కదానికే తప్పు నేర్పాడు. పరాయివాడు మోసం చేస్తే కోపం వస్తుంది. ఇది కోపం కాదు, స్కూలు ఫీజు నుంచీ సూటు దాకా ఆయన చేసిన ప్రతి మంచినీ తిరగేసి, వెనకాల ఏముందో చూసుకోవాల్సి వచ్చిన బాధ.

ఆమె వెళ్లి బల్ల అంచు దగ్గర నిలబడింది. "పాచికలు నాకివ్వండి."

"రా తల్లీ! మా పాత స్టూడెంటు," అని ఆమోస్ అందరికీ చెప్పి, కర్రతో పాచికలు ముందుకి నెట్టాడు. ఆమె విసిరింది. నాలుగు పడింది.

"గురి నాలుగు. కష్టమైన అంకె. అచ్చం మీ నాన్న మణికట్టే."

"నన్ను ఈ ఉద్యోగానికి పిలిపించింది మీరే కదూ?" అంది లోర్నా గొంతు తగ్గించి. "ఊళ్లో ఆట తెలిసిన డిటెక్టివ్‌లు బోలెడంతమంది ఉండగా?"

"'మీరు' అంటున్నావేంటి పిల్లా? ఎప్పుడూ 'నువ్వు' అనేదానివిగా."

"అప్పుడు మీరెవరో నాకు తెలియలేదు."

ఆమోస్ మిగతావాళ్లని పందేలు సర్దుకోమని సైగ చేసి, ఆమె పక్కకి వంగాడు. మొహం మీద నవ్వు చెక్కుచెదరలేదు. "ఆట తెలిసినవాడైతే తప్పుదారి పట్టడు. ఆట తెలియని దానివి, పైగా నామీద ప్రాణం పెట్టుకున్నదానివి. నీకంటే మంచివాళ్లు ఎక్కడ దొరుకుతారు? నలభై ఏళ్లు చేశాక ఈ క్యాసినో నాకు ఉత్తుత్తి చిప్స్ ఇచ్చి మూల నిలబెట్టింది. ఆ టోపీవాడి చేత నేను తీసుకున్నది నా బాకీయే."

"ఒచోవా మీకేం బాకీ?"

ఆమోస్ పాచికలు కర్రతో ఆమె ముందుకి తోశాడు. "విసురు. అందరూ చూస్తున్నారు."

"ఏడు పడితే?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆమోస్ కనుబొమలు ముడిపడ్డాయి. "బల్ల దగ్గర ఆ మాట అనకూడదని నేర్పాను."

"మీరు నేర్పినవాటిలో ఏది నిజమో ఇంక నాకు తెలియదు. మీ పందెం డోంట్ పాస్ మీద పెట్టుకుని, నాచేత పాచికలు వేయించారు. నేను ఓడితేనే మీకు గెలుపు."

హాలు ఆ చివర్న క్రెన్‌షా కనిపించాడు. వెంట ఇద్దరు గార్డులు.

ఆమోస్ వాళ్లని చూశాడు. పాత పాచికలు పోసి ఉన్న గిన్నెని, తొందరేం లేనట్టు, ఆమె మోచేతి దగ్గరికి జరిపాడు. "నీ జేబులోది ఇందులో పడెయ్," అన్నాడు పెదవులు కదపకుండా. "మధ్యాహ్నానికల్లా అన్నిటితో పాటు దానికీ బెజ్జం వేసేస్తాను. నువ్వూ క్షేమం, నేనూ క్షేమం. ఒచోవాకి నేనే మంచి లాయర్ని పెడతాను. మీ నాన్న మీద ఒట్టు."

గిన్నె జానెడు దూరంలో ఉంది. అందులో పడితే ఎర్ర పాచికల గుట్టలో ఇంకొక ఎర్ర పాచిక. ఎవరూ ఏరలేరు. లోర్నాకి ఆ క్షణంలో నిజంగానే చెయ్యి అటు వెళ్లాలనిపించింది. కానీ కళ్ల ముందు ఇస్త్రీ చేస్తున్న తెల్ల చొక్కా కాలరు కదిలింది. తన చేతిరాత మీద ఆ మనిషి జైలుకి పోతాడు, ఈసారి తెలిసి తెలిసి.

క్రెన్‌షా వచ్చి నిలబడ్డాడు. "మేడమ్, ఒక ఫోన్ వచ్చింది. జేబులు ఖాళీ చేస్తారా?"

లోర్నా పాచిక తీసి పచ్చగుడ్డ మీద, అందరికీ కనిపించేలా, మధ్యలో పెట్టింది. తర్వాత డీలర్లు బల్ల వదిలి వెళ్లేటప్పుడు చేసినట్టు రెండు చేతులూ ఒకసారి చరిచి, అరచేతులు తిప్పి చూపించింది. చేతుల్లో ఇంకేం లేదని చెప్పే పద్ధతి అది. నేర్పింది ఆమోసే.

"శనివారం పోయిన మంచి పాచిక ఇదే. బెజ్జం లేదు, నంబరు చూసుకోండి. నా జేబులోనే ఉంది. ముందు కోర్టుకి ఫోన్ చేసి ఒచోవా కేసు ఆపండి. పాచిక అతని చేతిలో మారలేదు. నా రిపోర్టు తప్పు."

"మీకెవరిచ్చారు?"

"ఈయన. ఆదివారం, ఇదే బల్ల దగ్గర."

ఆమోస్ జాలిగా తలాడించాడు. "పాపం, పిల్ల బాగా అలిసిపోయింది. నేనేమిటి, ఇవ్వడమేమిటి!"

క్రెన్‌షా తల పైకెత్తి చూశాడు. హాల్లో ప్రతి బల్ల మీదా కెమెరా ఉంది. దీని మీద లేదు.

"ఇక్కడ డబ్బు ఆడదు కదా బాబూ," అన్నాడు ఆమోస్ సౌమ్యంగా. "కెమెరా ఎందుకులే అన్నారు."

క్రెన్‌షా పాచికని కవర్లో వేసుకుని, ఫోన్ తీసి కోర్టుకి రెండు ముక్కలు చెప్పాడు. ఒచోవా బయటపడ్డాడు. తర్వాత నడుముకున్న బేడీలు బయటికి తీశాడు. "మిమ్మల్ని చూస్తే జాలేస్తోంది మేడమ్. కానీ పాచిక మీ దగ్గరే దొరికింది." ఇనుము చల్లగా మణికట్టుకి తగిలింది. నాన్న మణికట్టులాంటిదని ఇందాకే ఆమోస్ మెచ్చుకున్న మణికట్టు.

ఆమెని నడిపించుకుంటూ వాళ్లు నాలుగడుగులు వేశారు. వెనకాల ఆమోస్ కర్రతో బల్ల తట్టాడు. "కంగారు పడకండి. ఎక్కడ ఆగాం మనం?"

"బల్ల దాటిన పాచిక దగ్గర!" అంది మిసెస్ టూమీ. చెవులు సరిగ్గా వినపడని వాళ్లందరిలాగే ఆవిడ గొంతు హాలంతా మోగుతుంది. "బాక్స్‌మన్‌కి ఇవ్వాలన్నారు. కానీ ఆమోస్, నాకు మొన్నట్నుంచీ ఒకటే సందేహం. ఆ అమ్మాయికేమో కర్రాయనకే ఇవ్వాలని చెప్పారు. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పారు. ఆదివారం ఆ అమ్మాయికి పాచిక ఇచ్చారుగా, ఆరోజు కూడా అడుగుదామనుకున్నా. ఇంతకీ ఏది కరెక్టు?"

క్రెన్‌షా ఆగిపోయాడు. లోర్నా మోచేతి మీద అతని పట్టు సడలింది. అతను మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఏమన్నారమ్మా? ఇంకోసారి చెప్పండి."

ఆమోస్ చేతిలో కర్ర పచ్చగుడ్డ మీద నిలిచిపోయింది. ఆయన మిసెస్ టూమీ వైపు చూడలేదు, క్రెన్‌షా వైపు చూడలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి, లోర్నా చూపుని తప్పించుకుని తన చేతుల్లోకి చూసుకున్నాడు.

పాచికలు వేసేవాడు ఓడినప్పుడు సంతోషం మొహంలో కనపడనివ్వకూడదని ఆమెకి నేర్పింది ఆయనే. ఆ మర్యాద పాటించడం లోర్నాకి కష్టమేమీ కాలేదు. దాచుకోవడానికి ఆమె దగ్గర సంతోషమన్నది లేదు.